పడవ వంటబల్లకు క్రొత్తపలక
(సంఘ సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



మన యానాము గౌతమీ గోదావరి ఒడ్డున నున్న ఊరు. కోరంగి, తాళ్ళరేవు మనకు పొరుగున నున్నవి. 1839వ సంవత్సరపు తుపాను కోరంగి రేవును పాడుచేసినను, కొయ్యపడవలు కట్టు నేర్పు ఈ తీరమున అంతరింపలేదు. 1954లో ఫ్రెంచి పాలన ముగిసిన పిమ్మటను ఏటిపని ఏటిపనిగానే నిలిచినది. ఆ పనిలో పెద్దలు సైతము చులకనగా చూచు ఒక విషయమును నేడు మనవి చేసెదను. అది పడవలోని వంటబల్ల.

ఇంటి వంటగట్టు అరిగిన అంద మొక్కటే చెడును. పడవలో అట్లు కాదు. ఉప్పునీరు, వేడిగిన్నె, కత్తిగాటు, ఎడతెగని కుదుపు, ఇవి నాలుగును కలసి పైపలకను చీల్చును. ఆ చీలికలో నీరు చొచ్చి క్రిందికొయ్యను నానబెట్టును. చేపల నెత్తురు అందు నిలిచి కుళ్ళును. ఆ బల్లమీదనే కళాసీల అన్నము వండవలయును గదా!

పైన వేయు సన్మైకా పలక కాగితపు పొరలను రెసినుతో తడిపి, వేడియు ఒత్తిడియు కలిపి చేసినది. 1912లో అమెరికాలో ఇట్టి పలకను విద్యుత్ పనిలో మైకాకు, అనగా అభ్రకమునకు, బదులుగా కనుగొనిరి. ఫార్మికా యను పేరునకు మూలమదియే. పలక నీటికి జంకదు. దాని అంచు మాత్రము జంకును. చెడుగు ఎల్లప్పుడును అంచునుండియే మొదలగును.

కావున మొదట చేయవలసినది అంటించుట కాదు, పరీక్షించుట. పాతపలకను ఉలితో మెల్లగా లేపి, క్రింది కొయ్యను మొనగల సాధనముతో పొడిచి చూడవలెను. మెత్తగా దిగినచో ఆ భాగమును కోసివేయవలెను. దానిని దాచి పైన క్రొత్తపలక అంటించుట పుండుమీద పట్టుబట్ట కప్పుట వంటిది. మార్పు కొయ్యకు ఐ.ఎస్. 710 గుర్తుగల మెరైన్ ప్లైవుడ్ మేలు. కోసిన అంచులన్నిటికిని ఎపాక్సీ పూయవలెను.

కొయ్య బాగుగా ఆరిన పిదప ఉప్పుకాగితముతో రుద్ది, దుమ్ము తుడిచి, పలకకును బల్లకును, రెంటికిని, జిగురు పూయవలెను. వ్రేలికి అంటనంతగా ఆరిన తరువాతనే కలుపవలెను. ఒకసారి తగిలిన పలక మరల జరుగదు. కాబట్టి నడుమ సన్నని పుల్లలు పరచి, పలకను సరిగా నిలిపి, ఒక్కొక్క పుల్లను తీయుచు నడిమినుండి అంచులకు ఒత్తుకొని పోవలెను. మిగిలిన అంచును ఆకురాయితో సరిచేయవలెను. పొయ్యి ప్రక్కన ఈ జిగురు వేడికి మెత్తబడును. అచ్చట స్టెయిన్‌లెస్ ఉక్కురేకు వేయుట మంచిది. గిన్నెలు జారకుండ చుట్టును చిన్నగట్టు కట్టి, నీరు పోవుటకు మూలలయందు సందు విడువవలెను.

ఇక ముఖ్యమైన మాట. ఈ జిగురు ఆవిరి నిప్పు తగిలిన భగ్గుమనును. అది గాలికన్న బరువు. వంటగ్యాసువలెనే పడవ అడుగున చేరి కూర్చుండును. ఇంటిలో తలుపు తీసిన గ్యాసు వాకిటికి జారిపోవును. పడవ అడుగునకు వాకిలి యేది? కావున సిలిండరును ముందే ఒడ్డునకు చేర్చవలెను. ఇంజను, దీపము, బీడీ ఏదియు వలదు. మూతలన్నియు తెరచి, గాలి బాగుగ ఆడునట్లు చేసి, పని ముగిసినను ఆవిరి పోవువరకు ఎవ్వరును లోపల నిద్రింపరాదు. ఒక్కరే పనిచేయుటయు తగదు. పైన నొకరు కనిపెట్టి యుండవలెను.

అన్నలారా, క్రొత్తబల్ల కొనుటకు సొమ్ము లేనివారు ఈ పనిని తామే చేసికొనగలరు. కాని పలక ఖరీదులో మిగుల్చుకొనవచ్చును గాని, కొయ్య ఆరు దినములలో మిగుల్చుకొనరాదు. తడికొయ్యపై అంటించినది వచ్చు వానకారు వరకైనను నిలువదు. పడవ ఒడ్డున నున్న వేట నిషేధపు దినములే ఈ పనికి తగిన అదను. మీ వంటబల్లల అంచులను ఆ దినములలో ఒకసారి వ్రేలితో తడిమి చూడుడని ప్రార్థించుచు సెలవు గైకొనుచున్నాను.