కప్పక ముందే చూడాలి



ఒక ఊళ్లో బడికి కొత్త గది కట్టారనుకోండి. పని అయ్యాక పెద్దలొచ్చి చూస్తారు. గోడలకు సున్నం, తలుపులకు రంగు. బాగుందంటారు. కొన్ని వానాకాలాలు గడిచాక స్లాబు కారుతుంది. పెచ్చులూడి పిల్లల పక్కన పడతాయి. లోపలి చువ్వలు తుప్పు పట్టాయని అప్పుడు తెలుస్తుంది.

తప్పు ఎప్పుడు జరిగింది? స్లాబు పోసిన రోజునే. చువ్వల కింద సిమెంటు బిళ్లలు పెట్టలేదు. చువ్వలు సెంట్రింగు రేకులకు ఆనుకున్నాయి. వాటి కింద రెండు సెంటీమీటర్లయినా కాంక్రీటు ఉండాలి. అది లేక తేమ ఇనుముకు తగిలింది. బిళ్లకు పట్టే ఖర్చెంత? గుప్పెడు మాలు!

కట్టుబడిలో ప్రతి పనీ వెనకటి పనిని కప్పేస్తుంది. మట్టి పునాదిని కప్పుతుంది. కాంక్రీటు చువ్వల్ని కప్పుతుంది. అందుకే ఏ దశలో ఏం చూడాలి, ఎవరు చూడాలి అన్నది ముగ్గు పోసిన రోజే అనుకోవాలి. 'ఎవరో ఒకరు చూస్తార్లే' అంటే ఎవరూ చూడరు.

సిమెంటు మూట మీద ఐ.ఎస్.ఐ. గుర్తు ఉంటుంది. తయారైన వారం, సంవత్సరం ఉంటాయి. చదువు వచ్చింది కదా, చదవండి! మూడు నెలలు దాటిన సిమెంటును పరీక్ష చేయించకుండా వాడకూడదు.

అసలు మోసం నీళ్లలో ఉంది. మాలు జారుగా ఉంటే పని సులువు. అందుకని ఇంకో బిందె కుమ్మరిస్తారు. స్లాబు మాలులో 50 కిలోల మూటకు నీళ్లు 30 లీటర్లు దాటకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. ఎక్కువైన నీళ్లు ఆరిపోయి సన్న బెజ్జాలు మిగులుతాయి. వాన నీరు దిగేది అక్కడే. ఈ మాట అంటే "ఇన్నేళ్ల నుంచి కడుతున్నా, నాకు చెబుతారా?" అంటాడు మేస్త్రీ. అతనితో గొడవ ఎందుకు? నీళ్ల దగ్గర ఒక కొలత డబ్బా పెడితే సరి.

అదే మాలుతో 15 సెంటీమీటర్ల దిమ్మెలు పోసి, 28 రోజులకు బలం పరీక్షిస్తారు. మంచిదే. కానీ నాసిరకమని తేలేసరికి స్లాబు పైన గట్టిపడి ఉంటుంది. దిమ్మె సాక్షి చెబుతుంది, కాపలా కాయదు.

ఇక తడపడం. స్లాబు మీద మడులు కట్టి నీళ్లు నిలపాలి. ఎండల్లో కనీసం 10 రోజులు. బూడిద కలిసిన సిమెంటైతే 14 రోజులు మేలు. ఏ రోజు ఎవరు పోస్తారో పేర్లు రాసి గోడకు అంటించాలి. బోరులో నీళ్లు చాలవనిపిస్తే ట్యాంకరు ముందే మాట్లాడుకోవాలి. అదీ దొరక్కపోతే స్లాబు నాలుగు రోజులు ఆపడమే నయం.