జీడి షెడ్డులో చెయ్యి పాడైతే: ముసాయిదా నిబంధనలపై మన మాట
(సమాఖ్య వార్షిక మహాసభలో చేసిన ప్రసంగ పాఠం)



పొదుపు, అప్పులు, రికవరీ లెక్కలు ఇప్పుడే విన్నారు. మేము ఇంకో లెక్క చెప్తాం. మన పలాస, కాశీబుగ్గ చుట్టూ జీడి పరిశ్రమల్లో పిక్కలు కోసేది, పొట్టు తీసేది, గ్రేడింగ్ చేసేది ఎక్కువగా ఆడవాళ్లే. సంఘంలో అప్పు తీసుకుని ఆ కూలితోనే కిస్తీ కడుతున్నదీ వాళ్లే. చెయ్యి పాడైతే కూలి ఆగిపోద్ది, కిస్తీ ఆగిపోద్ది. కాబట్టి ఇది సమాఖ్య పని కాదని ఎవరూ అనకండి.

2025 నవంబరు 21 నుంచి నాలుగు కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం భద్రత కోడ్‌లోను, 1923 నాటి పరిహార చట్టం సామాజిక భద్రత కోడ్‌లోను కలిశాయి. కోడ్ చేసింది పార్లమెంటు. దాన్ని అమలుచేసే నిబంధనలు రాసేది ప్రభుత్వాలు. వాటిని ఖాయం చేసేముందు ముసాయిదాను గెజిట్‌లో వేసి, గడువు పెట్టి అభ్యంతరాలు అడగాలి. అడుగుతారు కూడా. కాని గెజిట్ మన షెడ్డు గుమ్మం దాకా నడిచి రాదు కదా!

కరెంటుతో నడిచేచోట పాత చట్టంలో 10 మంది ఉంటే ఫ్యాక్టరీ. ఇప్పుడు 20 మంది ఉండాలి. ఇది మనకు నష్టమే. కాని కోడ్‌లోనే ఉంది, నిబంధనతో మారదు.

చేతుల సంగతికి వద్దాం. పిక్క తొక్కలోని నూనెకి చర్మం కాలి, నల్లబడి, ఊడిపోవడం మనకు కొత్త కాదు. పనిలో వాడే రసాయనాల వల్ల వచ్చే చర్మవ్యాధి పరిహారం వచ్చే జబ్బుల పట్టికలో ఉంది. షరతు ఏమిటంటే, ఒకే యజమాని దగ్గర 6 నెలలు ఆగకుండా పనిచేసి ఉండాలి. సరుకు అయిపోతే ఇంకో షెడ్డుకి పోయేవాళ్లం, ఆ 6 నెలలు ఎక్కడ చూపిస్తాం?

ప్రమాదంలో కూడా ఇంతే. ఈఎస్ఐ లేనిచోట పరిహారం యజమానే ఇవ్వాలి. 40 ఏళ్ల మనిషికి చూపుడువేలు మొత్తం పోతే సంపాదన శక్తి 14 శాతం పోయినట్టు లెక్క. నెలకూలి 9,000 అయితే సుమారు 1,39,000 రూపాయలు వస్తాయి. యజమాని “నెలకి 6,000 ఇస్తన్నాను” అంటే 92,800 దగ్గర ఆగిపోద్ది. మనది కిలో లెక్క కూలి, చేతిలో చీటీ ఉండదు. మరి ఎవరి మాట నిలుస్తుంది?

“బీమా ఉంది కదా” అంటారు. ఏడాదికి 20 రూపాయల ప్రమాద బీమా మనం కట్టుకున్నది. ఒక వేలు పోతే అందులో ఏమీ రాదు. పరిహారం యజమాని బాధ్యత. రెండూ వేరు.

10 మంది, అంతకు పైన పనిచేసేచోట ప్రతి ఒక్కరికీ నియామక పత్రం ఇవ్వాలని భద్రత కోడ్ చెప్తోంది. ఆ పత్రం ఎలా ఉండాలో నిబంధనలే నిర్ణయిస్తాయి. మనం గట్టిగా పట్టుకోవాల్సింది ఇక్కడే. పత్రం తెలుగులో ఉండాలి, కిలో రేటు రాయాలి, నెలకి సగటున ఎంత వస్తుందో రాయాలి, చేరిన తేదీ ఉండాలి. షెడ్డు మారినా పాత పత్రం మన దగ్గరే ఉండాలి. 6 నెలల షరతు కోడ్‌లోది, నిబంధనతో పోదు. అయినా సీజను పనికి అది సరిపడదని అదే కాగితంలో రాద్దాం. చట్టం మార్చే రోజు వస్తే మన మాట ఫైల్లో ఉండాలి.

10 మంది లేని షెడ్డుల్లో పత్రం రాకపోవచ్చు. అక్కడ మన మినిట్స్ పుస్తకం ఉంది. ఎవరికి, ఏ తేదీన, ఏ షెడ్డులో దెబ్బ తగిలిందో, ఆ నెల ఎంత కూలి వచ్చిందో ఆ వారం సమావేశంలోనే రాసి అందరూ సంతకాలు పెట్టండి. దెబ్బ తగిలిన సంగతి యజమానికి వెంటనే రాసి ఇవ్వండి, నకలు దాచుకోండి.

అభ్యంతరాల నమూనా వీవోఏల చేతికి ఇస్తున్నాం. గ్రామ సంఘం సమావేశంలో గట్టిగా చదివించండి. షెడ్డుకి పోయేవాళ్లు ఏదైనా కలపమంటే వాళ్ల మాటల్లోనే కలపండి. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయవచ్చు. గడువు లోపల మండల సమాఖ్య ఆఫీసుకి చేరితే అన్నీ కలిపి పంపిస్తాం.