దారి మూయకుండా కట్టిన హై ఫైవ్



అమెరికాలో డాలస్ వైపు స్థిరపడిన తెలుగువాళ్లలో చాలామంది దాటే కూడలి హై ఫైవ్. ప్లేనో, రిచర్డ్‌సన్‌ల మీదుగా నగరంలోకి వెళ్లే సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే, ఎల్‌బీజే ఫ్రీవే అక్కడ కలుస్తాయి.

1960లలో కట్టిన పాత కూడలి అప్పటి డాలస్‌కు సరిపోయింది. తర్వాత ఉత్తరాన ఊళ్లు పెరిగాయి, కూడలి పెరగలేదు. సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే అక్కడికి వచ్చేసరికి ఒక్కో వైపు రెండు వరసలకు ఇరుకైపోయేది. గుండ్రటి ర్యాంపు దిగి హైవే ఎక్కే కారు వేగం పెంచుకోవాలి. అక్కడే హైవే దిగిపోయే కారు వేగం తగ్గించుకోవాలి. ఒకదాని దారికి ఒకటి అడ్డం. రద్దీ వేళ ఒకరు బ్రేకు వేస్తే వెనక వరసంతా ఆగేది.

పాతది తీసి కొత్తది కట్టాలి. రోజుకు సుమారు 5 లక్షల వాహనాలు వెళ్లే చోట దారి మూసేదెలా?

2002లో మొదలైన పని 2005లో పూర్తయింది. ఐదు అంతస్తులు, అడుగు నుంచి పైదాకా 120 అడుగులు, 37 శాశ్వత వంతెనలు. ఇవి కాక మరో 6 తాత్కాలిక వంతెనలు. సివిల్ ఇంజినీర్లు పట్టాలు అందుకుంటున్న ఈ సభలో ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఆ ఆరింటి గురించే. పని అయ్యాక తీసేసేవే అయినా వాటికీ పునాదులు కావాలి, బరువుల లెక్క తప్పకూడదు. జనం రాకపోకలు ఆగకూడదనే అంత కష్టపడ్డారు.

పై ర్యాంపులకు ముందే పోతపోసిన కాంక్రీటు ముక్కలను గ్యాంట్రీతో పైకెత్తి వరసగా బిగించారు. నేల నుంచి సెంట్రింగ్ కొట్టి ఉంటే కింద దారి మూయాల్సి వచ్చేది. ఏదైనా వరస మూస్తే కాంట్రాక్టరు దానికి అద్దె కట్టాలి, రద్దీ వేళల్లో అది ఇంకా ఎక్కువ. కాబట్టి పని ఏ వేళ చేయాలో ముందే లెక్క వేసుకోక తప్పలేదు.

మిత్రులారా, రేపు మీలో కొందరు హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పాత ఫ్లైఓవర్ స్థానంలో కొత్తది కట్టే పనిలో ఉంటారు. ఎస్టిమేట్‌లో డైవర్షన్ రోడ్డుకు, నడిచేవాళ్ల దారికి, రాత్రి లైట్లకు విడి పద్దు రాయండి. ఖర్చు తగ్గించమన్నప్పుడు కత్తెర పడేది ముందు అక్కడే. అంబులెన్సు డ్రైవరూ, హాల్‌టికెట్‌తో పరీక్షకు పరుగెత్తే పిల్లా, తోపుడుబండి మనిషీ పని సాగినన్నాళ్లూ ఆ దారినే వెళ్లాలని మీటింగ్‌లో గట్టిగా చెప్పండి. ఆ పద్దు కొట్టేయనివ్వకండి.