ప్రవాసంలో మన విహారాలు - మన నాటకాలు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము వక్తలము కాము. మెట్రిక్ వరకు చదువుకుని, రైల్వేలో గుమాస్తా ఉద్యోగం చేసుకుంటున్న సంసారులము. కాగితంమీద అంకెలు వేయడమే గాని సభలో నిలబడి మాట్లాడడం మాకు అలవాటు లేదు. అయినా కార్యదర్శిగారు, "మీ యింటిల్లిపాదీ కలిసి తిరుగుతారు, కలిసి నాటకాలాడుతారు. ఆ సంగతులే చెప్పండి, చాలు" అని పట్టుపట్టారు. వారి మాట తీసివేయలేక వచ్చాము. మేము అంటే యిక్కడ నిలబడ్డ మనిషి ఒక్కడే కాదు. మా బాపు, అమ్మ, మా యింటావిడ, పిల్లలిద్దరు, అందరి తరఫునా యీ నాలుగు మాటలు.

యింకొక సంగతి కూడా వున్నది. వచ్చే ఏటినుంచి ఉగాదికి నాటకం మానేసి, రికార్డు పాటలకు పిల్లలచేత డాన్సులు చేయిస్తే సరిపోతుందని కార్యవర్గంలో ఒక ఆలోచన నడుస్తున్నదట. దానిమీద మా అభిప్రాయం చివర మనవి చేస్తాము. ముందు విహారాల ముచ్చట.

నాందేడు మనకు పరాయి వూరని మేము ఎప్పుడూ అనుకోలేదు. 1956 నవంబరు 1వ తేదీ దాకా యిది హైదరాబాదు రాష్ట్రంలోని వూరే. ఆ రోజున మరాఠ్వాడా బొంబాయి రాష్ట్రంలో చేరింది. 1960 మే 1న మహారాష్ట్ర ఏర్పడింది. ధర్మాబాదు, బిలోలి, దెగ్లూరు, కిన్వట్ వైపు వెళితే యిప్పటికీ సంతలో తెలుగు వినిపిస్తుంది. త్ర్యంబకంలో పుట్టిన గోదావరి పైఠాన్ మీదుగా మన వూరికి వచ్చి, యిక్కడనుంచి బాసరకు, రాజమహేంద్రవరానికి పోతుంది. యిక్కడివారు దానిని గంగ అంటారు. మనమూ గంగ అనే మొక్కుతాము. మనకు ఉగాది అయిన రోజే వారికి గుడి పాడ్వా. శాలివాహన శకం వారికీ మనకూ ఒకటే. మనము వేపపూత పచ్చడి చేస్తే, వారు వేపాకు బెల్లంతో నూరి పెడతారు. మన యింటి భక్ష్యాలు పక్కింటికి వెళ్లి పూరణ్‌పోళీ అవుతాయి. యింత దగ్గరితనం మధ్య మన భాష నిలబెట్టుకోవడం సులభమని అనిపిస్తుంది. నిజానికి అదే కష్టం. పూర్తిగా పరాయి చోట అయితే మనిషి జాగ్రత్తగా వుంటాడు. చుట్టాల యింటివంటి చోట ఏది ఎప్పుడు జారిపోయిందో తెలియదు.

మా విహారాలు పెద్ద పెద్దవి కావు. మాబోటి ఉద్యోగికి అయిదేళ్ల సర్వీసు నిండితే ఏడాదికి మూడు సెట్ల పాసులు వస్తాయి. వాటిని తిరుపతి, రామేశ్వరంవంటి దూరపు యాత్రలకు దాచుకుంటాము. దగ్గర వూళ్లకు టికెట్టు కొనుక్కునే వెళతాము. రెస్టు రోజు ఏ వారం పడితే ఆ వారమే మాకు పండుగ. తెల్లవారకముందే మా అమ్మ జొన్న రొట్టెలు, వెల్లుల్లి కారం, పెరుగన్నం కట్టి సిద్ధం చేస్తుంది. కిటికీ దగ్గర ఎవరు కూర్చోవాలన్న తగవు ముద్‌ఖేడు వచ్చేసరికి తీరుతుంది.

అక్కడనుంచి దారి రెండుగా చీలుతుంది. ఒకటి కిన్వట్ మీదుగా ఆదిలాబాదు వైపు. ఆ దారిలో సహస్రకుండ్ వున్నది. వానాకాలంలో పైన్‌గంగ నది నల్లరాళ్లమీదినుంచి పాయలు పాయలుగా దూకుతూ వుంటే, పిల్లలకు ఎన్ని పాఠాలు చెప్పినా రాని ఆనందం ఒక్క చూపులో వస్తుంది. కిన్వట్‌లో దిగి బస్సు పట్టుకుంటే మాహూరు. అక్కడి రేణుకాదేవిని మరాఠీవారు మూడున్నర శక్తిపీఠాలలో ఒకటిగా కొలుస్తారు. మన తెలంగాణ పల్లెలలో ఎల్లమ్మ అని బోనం ఎత్తేది ఆ తల్లికే. కొండమెట్లమీద మా అమ్మ "ఎల్లమ్మ తల్లీ" అంటే, పక్కన ఎక్కుతున్న మరాఠీ ముసలమ్మ "రేణుకా మాతా" అన్నది. యిద్దరూ ఒకరి చేయి ఒకరు పట్టుకుని ఎక్కారు. యిద్దరికీ రెండవవారి భాష రాదు.

రెండవ దారి ఉమ్రీ, ధర్మాబాదు మీదుగా నిజామాబాదు వైపు. మా బాపు యీ లైనులోనే పాయింట్స్‌మనుగా పనిచేశాడు. మన్మాడునుంచి సికిందరాబాదు దాకా ఒకప్పుడు మీటరు గేజి వుండేది. 1990 తరువాత దశలవారీగా బ్రాడ్ గేజి అయింది. నాందేడు డివిజను 2003లో వచ్చింది. బండి ఎక్కితే చాలు, ఆ చిన్నపట్టాల కాలపు కథలు బాపు నోట మొదలవుతాయి. మనుమలకు ఆ కథలు తెలుగులో తప్ప దొరకవు. బాపుకు మరాఠీ బాగా వచ్చును గాని, కథ మాత్రం మరాఠీలో చెప్పడు. అది ఆయన నియమం.

ధర్మాబాదు దాటగానే బాసర. తెలంగాణలో మనకు మొదటి స్టేషను. వ్యాసమహర్షి గోదావరి యిసుకతో సరస్వతిని నిలిపినాడని, వ్యాసర అన్నది బాసర అయినదని స్థలపురాణం. పిల్లలకు అక్షరాభ్యాసం చేయించడానికి దేశం నాలుగు మూలలనుంచి వస్తారు. మా పిల్లలకూ అక్కడే పలకమీద బియ్యంలో ఓంకారం దిద్దించాము. కాని అసలు అక్షరాభ్యాసం గుడిలో కాదు, ప్లాట్‌ఫారంమీద జరిగింది. మా పెద్దపాప మరాఠీ బడిలో చదువుతుంది. తెలుగు మాట్లాడుతుంది గాని చదవడం రాదు. బాసర బోర్డుమీద వున్నవి మూడే అక్షరాలు. ఒత్తు లేదు, కొమ్ము లేదు. బా, స, ర. హిందీ అక్షరాలు చూసుకుని, తెలుగు అక్షరాలు పోల్చుకుని, తనంతట తానే చదివింది. అటు తరువాత ప్రతి ప్రయాణంలోనూ స్టేషను బోర్డులే మా వాచకం. నిజామాబాదు, కామారెడ్డి, మేడ్చల్. కామారెడ్డి దగ్గర డకారపు ఒత్తు నేర్చుకున్నది. మేడ్చల్ దగ్గర డకారం కింద చకారం యిరుక్కున్నదని ఫిర్యాదు చేసింది.

యిక నాటకాల సంగతి. నాటకం విషయంలో మరాఠీవారికి, మనకు వున్న బంధుత్వం చాలామందికి తెలియదు. మరాఠీ నాటకానికి విష్ణుదాస్ భావే 1843లో సాంగ్లీలో శ్రీకారం చుట్టాడు. 1880లో అన్నాసాహెబ్ కిర్లోస్కర్ పూనాలో సంగీత శాకుంతలం ఆడించాడు. అదే 1880లో ధార్వాడ నాటక సమాజంవారు రాజమహేంద్రవరం వచ్చి ఆడి వెళితే, వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం పంతులుగారు తమ విద్యార్థులచేత తెలుగు నాటకం ఆడించారు. అటువైపునుంచి వచ్చిన గాలికి యిటువైపు దీపం వెలిగిందన్నమాట. ఆడవేషాల విషయంలోనూ అంతే. వారికి బాలగంధర్వుడు, మనకు స్థానం నరసింహారావుగారు.

అంతకన్న గొప్ప ఉదాహరణ సురభివారిది. వారి పూర్వులు మహారాష్ట్రనుంచి వచ్చి తెలుగుదేశంలో తోలుబొమ్మలాడించినవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావుగారు కీచకవధ నాటకం ఆడించారు. ఆనాటినుంచి కుటుంబాలకు కుటుంబాలే నాటక సమాజాలైనాయి. తాత కృష్ణుడు, మనుమడు ప్రహ్లాదుడు, కోడలు ద్రౌపది. మగవారు చీరలు కట్టి ఆడుతున్న రోజులలోనే వారి ఆడవారు రంగస్థలం ఎక్కారు. చంటిబిడ్డలు తెరవెనుక వుయ్యాలలో పెరిగారు. ఆ వంశంలోని నాగేశ్వరరావుగారికి, బాబ్జీ అని అందరూ పిలిచేవారు, 2013లో పద్మశ్రీ వచ్చింది. 2022లో వారు కీర్తిశేషులైనారు. మరాఠీ మూలాలవారు నూరేళ్లకు పైగా తెలుగు నాటకాన్ని భుజాలమీద మోశారు. మహారాష్ట్రలో స్థిరపడ్డ తెలుగువారము మనము ఏడాదికి ఒక్క సాయంత్రం మోయలేమా?

మన సంఘం నాటకాలకు ఆస్తి అంటే ఒక యినుప ట్రంకుపెట్టె. అందులో రెండు చద్దర్ల తెర, అట్టముక్కకు బంగారు కాగితం అంటించిన కిరీటాలు, పూసల దండలు, ఒక గద. అది సంవత్సరంలో పదకొండు నెలలు మా మంచంకింద వుంటుంది. ధర్మాబాదులోని మనవారు పిలిస్తే, ఆ పెట్టెతో, పదిహేనుమంది బలగంతో ప్యాసింజరు ఎక్కాము. దారిలో కిరీటం పెట్టెలో పట్టక సీటుమీద పెడితే, మా అమ్మ చూడకుండా దానిమీద కూర్చున్నది. హరిశ్చంద్రుడి కిరీటం అప్పడమైంది. ధర్మాబాదులో కిరాణా కొట్టు సేఠు బిస్కట్ల డబ్బా అట్ట యిచ్చాడు, పక్కింటివారు అన్నం మెతుకులు యిచ్చారు, పిల్లలు గంటలో కొత్త కిరీటం చేశారు. దానిని చూసి మా బాపు, "రాజ్యం ఎలాగూ పోయేదే కదా, కిరీటం ఏదైతేనేం" అన్నాడు.

ఆ రాత్రి హరిశ్చంద్రలో ఒక అంకం, తరువాత ఆత్రేయగారి ఎన్.జి.ఓ. నాటకంలో కొంతభాగం ఆడాము. రెండవది చాలీచాలని జీతపు గుమాస్తా యింటి కథ. దానికి మాకు వేషమూ అక్కరలేదు, నటనా అక్కరలేదు. వాకిట్లో నిలబడి చూస్తున్న మరాఠీవారు కూడా చివరిదాకా కదలలేదు. సేఠును, "మీకు అర్థమైందా?" అని అడిగితే, "ఒకటో తారీఖు జీతం, పదో తారీఖు బాకీ. దీనికి భాష ఎందుకు?" అన్నాడు.

ఆ నాటకంతోనే మా పెద్దపాపకు ఒక పాఠం అందింది. తనకు తెలుగు చదవడం అప్పటికి పూర్తిగా రాదు గనుక, సంభాషణలన్నీ దేవనాగరిలో రాసి యిచ్చాము. ఆ లిపిలో మన హ్రస్వ ఎకారం, ఒకారం లేవు. కాబట్టి చెట్టు చేట్టు అయింది, కొడుకు కోడుకు అయినాడు. రిహార్సలులో అందరూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. యింటికి వచ్చి, "నాకు తెలుగు అక్షరాలలోనే రాసి యివ్వండి. చదువుకుంటాను" అన్నది. అప్పటికి స్టేషను బోర్డులు సగం పని చేసి వున్నాయి. మిగిలిన సగం ఆ వేషం చేసింది. నెల తిరగకుండా ప్రాంప్టింగు అక్కరలేకుండా నిలబడింది. యిప్పుడు తమ్ముడి భాగం కూడా తానే చదివి నేర్పుతున్నది. యీ పని ఏ ట్యూషనూ చేయలేదు, మేము ఎంత మందలించినా కాలేదు.

మన వూరి సిక్కు సోదరులను చూడండి. గురు గోవిందసింగ్‌గారు 1708లో దేహం చాలించిన పుణ్యస్థలం యిది. వారి పిల్లలు బజారులో మరాఠీ, హిందీ మాట్లాడుతారు. గురుద్వారాలో గురుముఖి చదువుతారు. వారి భాషకు ఒక చోటు వున్నది. ఆ చోట అది లేకపోతే పని జరగదు. మన పిల్లలకు బడిలో తెలుగు అక్కరలేదు, ఆఫీసులో అక్కరలేదు, ఆటలలో అక్కరలేదు. యింట్లో కూడా "ఆయీ, భూక్ లాగ్లీ" అంటే అమ్మ అన్నం పెట్టకుండా వుంటుందా? తెలుగు లేనిదే పని జరగని చోటు మనకు ఒక్కటే మిగిలింది. అది నాటకపు బల్ల. రికార్డు పాటకు పిల్ల మాట అర్థం కాకుండానే చక్కగా ఎగురుతుంది. డాన్సు వద్దని మేము అనడంలేదు. డాన్సులో కాళ్లు ఆడితే చాలు. నాటకంలో నాలుక ఆడాలి.

కార్యవర్గంవారు చెప్పే కారణాలు నిజమైనవే. ఉగాది మార్చి, ఏప్రిల్ నెలలలో, సరిగ్గా పరీక్షల కాలంలో వస్తుంది. మనలో చాలామందికి షిఫ్టు డ్యూటీలు. ఊళ్లోని నాట్యగృహాల అద్దె మన చందాలకు అందదు. కాబట్టి మూడు సూచనలు సభముందు వుంచుతున్నాము.

మొదటిది: ఉగాదినాడు పంచాంగ శ్రవణం, పచ్చడి, పిల్లలచేత యిరవై నిమిషాలకు మించని ఒక చిన్న ప్రదర్శన చాలు. పెద్ద నాటకం దీపావళి సెలవులకు మార్చుదాము. నవంబరు 5 మరాఠీ రంగభూమి దినం. ఆ రోజున మన తెలుగు నాటకం ఆడి, మరాఠీ యిరుగుపొరుగును ముందు వరుసలో కూర్చోబెడదాము. ఏప్రిల్ 16, వీరేశలింగంగారి జయంతి, తెలుగు నాటకరంగ దినం. ఆనాడు ఏ నాటకమో నిర్ణయించి వేషాలు పంచితే, చేతిలో ఆరు నెలలు వుంటాయి.

రెండవది: పాఠం తెలుగు లిపిలోనే యివ్వాలి. చదవడం రాని పిల్లకు పక్కన ఒక పెద్దమ్మనో తాతనో కూర్చోబెట్టాలి. రోజుకు రెండు పంక్తులు చాలు.

మూడవది: రిహార్సలుకు హాలు అక్కరలేదు. నెలకొక ఆదివారం అందరమూ కలిసి విహారానికి వెళదాము. బాసర మెట్లమీద, సహస్రకుండ్ రాళ్లమీద, మన గోదావరి ఒడ్డున. డ్యూటీ వున్నవారు పై నెల వస్తారు. బండిలోనే సగం పాఠం వచ్చేస్తుంది. మా కుటుంబంలో అట్లాగే వచ్చింది. ట్రంకుపెట్టె మోసే పని మాది.

సంఘానికి నిధి తక్కువ కావచ్చు, సభ్యులు తక్కువ కావచ్చు. కాని నాటకం ఒక్క ఏడు మానితే, ఆ ఏడు పదేళ్ల వయసున్న పిల్లకు మళ్లీ పదేళ్లు రావు. ఆ లెక్క మాబోటి గుమాస్తా కంటె మీకే బాగా తెలుసు.

 మీ యిళ్లలో తీపి, చేదు సమపాళ్లలో వుండుగాక, మాట మాత్రం తెలుగులో వుండుగాక అని కోరుతూ, అందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు తెలుపుకుంటూ సెలవు తీసుకుంటున్నాము.