జాబితాలో చివరి పేరు



పశ్చిమ గోదావరి జిల్లా తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం అనే ఊరుంది. అందరూ మిలటరీ మాధవరం అంటారు. 1914లో మొదలైన ప్రపంచ యుద్ధానికీ, 1939లో మొదలైన రెండవ యుద్ధానికీ ఆ పల్లె నుండి యౌవనులు వెళ్లారు. పోరాడింది సముద్రాల అవతలి రాజు కోసం. తిరిగి రానివారి జ్ఞాపకార్థం ఊరివారు స్మారకం కట్టుకున్నారు. మన కాలంలోనూ, 2020 జూన్ 15న గల్వాన్ లోయలో 20 మంది సైనికులు ప్రాణాలు విడిచారు. వారిలో ఒకరైన కర్నల్ సంతోష్‌బాబు విగ్రహం ఆయన సొంత పట్టణం సూర్యాపేట చౌరస్తాలో ఉంది.

దేవుని గ్రంథములోనూ వీరుల పేర్లు చెక్కిన రాయి వంటిదొకటి ఉన్నది. రెండవ సమూయేలు 23వ అధ్యాయం తెరవండి. అవి దావీదు యోధుల పేర్లు. ఇటువంటి పేర్ల వరుస వస్తే మనం గబగబా దాటిపోతాం. నేనూ అలా దాటినవాడనే. ఈసారి 39వ వచనం వరకు చదవండి. ఆఖరి పేరు హిత్తీయుడైన ఊరియా!

ఊరియా పరదేశి. అతడు యుద్ధభూమిలో ఉండగా రాజు అతని భార్యను తీసుకున్నాడు. అతనిని చంపించే ఉత్తరం అతని చేతికే ఇచ్చి యోవాబు దగ్గరకు పంపాడు. రబ్బా గోడ దగ్గర అతడు కూలిపోయాడు. ఆ పేరు కొట్టివేయడం రాజుకు ఎంతపని? అయినను అది నిలిచింది. మత్తయి 1:6లో సొలొమోను తల్లిని ఊరియా భార్యగానే పరిశుద్ధాత్మ దేవుడు వ్రాయించాడు.

మరొక సంగతి. ఆ ఉత్తరం వ్రాయకముందు దావీదు ఊరియాకు కానుక పంపాడు, తన బల్లయొద్ద భోజనం పెట్టాడు. చూచినవారు ఎంత గౌరవమో అనుకొని ఉంటారు.

సహోదరుడా, సహోదరీ, ఆగస్టు 15న మన కూడలిలోని రాతికి దండ వేసి, ఫోటో తీయించుకొని ఇంటికి వస్తాము. ఆ రాతి మీద పేరున్నవాని భార్య మన సంఘంలోనే వెనుక చాప మీద కూర్చుంటుందేమో! పింఛను కాగితాల కోసం ఆమె ఎన్నిసార్లు తిరిగిందో అడిగామా? ఈసారి దండ కొనకముందు ఆమె గుమ్మం ఎక్కండి. ఆమె భర్తను గూర్చి చెప్పనివ్వండి, కూర్చుని వినండి.

ప్రార్థన చేసుకుందాం. ప్రభువా, ఊరియా పేరును మరువని దేవా, మేము మరచిన ఇంటి త్రోవ మాకు చూపుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.