సోలాపురం కార్మిక గృహ సహకారోద్యమ సారథులు

(మూలకుళంలో రైల్వే, తపాలా ఉద్యోగుల కుటుంబ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విల్లుపురం రోడ్డు మీద రెడ్డియార్‌పాళయం దాటి వచ్చే ఈ మూలకుళంలో, పగటి డ్యూటీ ముగించుకొని వచ్చినవారు కొందరు, రాత్రి డ్యూటీకి వెళ్ళవలసినవారు కొందరు, ఇంతమంది ఒకచోట కూర్చున్నారు. ఆంధ్ర ప్రాంతం నుండి బదిలీపై వచ్చి, పిల్లల చదువులు ఇక్కడే సాగినందువల్ల, ఉద్యోగ విరమణ తరువాత కూడా ఇక్కడే ఉండిపోదామని తలపోస్తున్న తెలుగు కుటుంబాలు ఈ సభలో అధికంగా కనిపిస్తున్నాయి. గృహనిర్మాణ సహకార సంఘం ఒకటి స్థాపించుకోవాలని మీరు సంకల్పించారు. దానికి ముందుగా, ఇటువంటి పనిని తలకెత్తుకొని నెరవేర్చినవారిని మీకు పరిచయం చేయవలసిందిగా మీ తాత్కాలిక కమిటీ మమ్ములను కోరినది.

పరిచయమంటే అధ్యక్షుడు ఫలానా, కార్యదర్శి ఫలానా అని పేర్లు చదివి, పూలమాలలు వేసి, చప్పట్లు కొట్టడం మనకు అలవాటు. మేము ఆ పని చేయదలచలేదు. మీ జీవితకాలపు పొదుపును చేతిలో పెట్టవలసిన మనుషులు ఎటువంటివారై ఉండాలన్నదే ఈనాటి ప్రశ్న. అందుకు మాకు తెలిసినంతలో అన్నింటికన్న గొప్ప ఉదాహరణ మహారాష్ట్రలోని సోలాపురం. అక్కడ కథ నడిపినవారిలోను, అందులో ఇళ్ళు పొందినవారిలోను మన తెలుగువారు ఎందరో ఉన్నారు.

సోలాపురానికి వెళ్ళే ముందు మన సంగతి ఒక్కమాట. మనకు క్వార్టర్లున్నవి గదా అని కొందరు మిత్రులు అంటున్నారు. ఉన్నవి. కాని అవి ఉద్యోగానికి తోకలు. 1974 మే నెలలో రైల్వే కార్మికులు సమ్మె చేసినప్పుడు, అరెస్టులతోపాటు సర్కారు ప్రయోగించిన మరొక ఆయుధం క్వార్టర్ల నుండి కుటుంబాలను వెళ్ళగొట్టడం. భర్త జైలులోనో అజ్ఞాతంలోనో ఉండగా, సామానుతో, పిల్లలతో వీధిలో నిలబడిన స్త్రీలను చూచినవారు మన పెద్దలలో ఇంకా కొందరున్నారు. యజమాని ఇచ్చిన కప్పు యజమాని చేతిలోనే ఉంటుంది. సమ్మె మాట అటుంచినా, రిటైరైన కొద్ది నెలలకే తాళంచెవి అప్పగించక తప్పదు. ముప్పై ఐదేళ్ళు ఊరూరికీ ఉత్తరాలు చేర్చినవాడు, తన చిరునామా ఏదో తెలియని స్థితిలో పెన్షన్ కాగితాలు పట్టుకొని నిలబడడం మేము చూచాము.

ఇక సోలాపురం. అది మిల్లుల ఊరు. తెలంగాణ జిల్లాల నుండి, ముఖ్యంగా పద్మశాలి కుటుంబాలు, తరతరాలుగా బ్రతుకుతెరువు కోసం అక్కడికి వలసపోయాయి. మగవారు మిల్లులలోను, మగ్గాల మీదను పనిచేశారు. ఆడవారు ఇంట కూర్చుండి తునికాకు కత్తిరించి బీడీలు చుట్టారు. మిల్లులు ఒక్కొక్కటి మూతపడుతూ వచ్చిన తరువాత, ఇల్లు గడిపే భారం ఆ బీడీ చాట మీదికే ఒరిగినది. పుదుచ్చేరివారికి ఈ కథ చెప్పవలసిన పని లేదు. 1936 జూలై 30న తుపాకి గుండ్లకు 12 మంది కార్మికులు బలియైన ఊరు ఇది. ఆ త్యాగం వెనుక ఎనిమిది గంటల పనిదినాన్ని సాధించుకున్న మిల్లులు ఇవి. అవి మూతపడడం మీ కండ్లముందే జరిగినది.

బీడీ చుట్టే స్త్రీకి గది ఇల్లు మాత్రమే కాదు, అదే కార్ఖానా కూడ. ఇరుకు గదిలో పొగాకు ధూళి, అక్కడే పొయ్యి, అక్కడే పసిబిడ్డ ఉయ్యాల. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చినది. 1976లో బీడీ కార్మికుల సంక్షేమ నిధి చట్టం వచ్చినది. చట్టాలు పుస్తకాలలో ఉండిపోయాయి, గది మాత్రం మారలేదు. ఇక్కడనే అక్కడి యూనియన్ ఒక కొత్త ఆలోచన చేసినది. వేయి బీడీలకు ఇంత కూలి అని పోరాడే సంఘం, ఇంటి కోసం కూడా ఎందుకు పోరాడరాదు?

ఆ ఆలోచనకు సారథి ఆడం నర్సయ్య. ఊరంతా ఆయనను ఆడం మాస్టర్ అంటుంది. తెలుగు మాతృభాషగా గల కార్మిక కుటుంబంలో పుట్టి, ఎర్రజెండా క్రింద పనిచేసి, సి.ఐ.టి.యు. నాయకుడుగా ఎదిగి, 1978లోను, 1995లోను, 2004లోను మహారాష్ట్ర శాసనసభకు ఎన్నికైనవాడు. శాసనసభ్యులు మన దేశంలో కొరత లేకుండా ఉన్నారు, అందుకే మేము ఆ పదవిని పెద్దగా లెక్కించడం లేదు. మేము లెక్కించేది వేరొకటి. 1990 దశకంలో ఆయన బీడీ కార్మిక స్త్రీలను సహకార సంఘ సభ్యులుగా చేర్చుకోవడం మొదలుపెట్టినప్పుడు, ఇళ్ళు రావడానికి ఎన్నేళ్ళు పడుతుందో ఎవరూ చెప్పగల స్థితిలో లేరు. అయినను ఆయన పేదవారికి ఊరకనే ఇల్లు ఇప్పిస్తానని చెప్పలేదు. మీ వాటా మీరు కట్టవలసినదే, మిగిలినది ప్రభుత్వాల నుండి పోరాడి తెచ్చుకుందాము అని చెప్పాడు.

ఆ లెక్క వినండి. ఇల్లొకటికి 60,000 రూపాయలు. అందులో కేంద్ర ప్రభుత్వం 20,000, రాష్ట్ర ప్రభుత్వం 20,000, కార్మికురాలు 20,000. ఆనాడు బీడీలు చుట్టే స్త్రీకి ఇరవై వేలంటే ఎంత మొత్తమో ఇక్కడున్న మాతృమూర్తులకు మేము చెప్పనక్కరలేదు. కొంచెం కొంచెంగా కూడబెట్టిన సొమ్ము అది. ఒక్క స్త్రీ సొమ్ము గల్లంతైనా ఉద్యమమంతా కూలిపోయేది. పదివేల మంది నమ్మకాన్ని ఏళ్ళ తరబడి నిలబెట్టుకోవడమే ఆ నాయకత్వం చేసిన అసలు పని. ఇటుకా సిమెంటూ దాని తరువాతనే.

2006 సెప్టెంబర్ 1న, సోలాపురం వెలుపల కుంభారి గ్రామం వద్ద, ఆనాటి ప్రధాని మన్మోహన్ సింగ్ చేతుల మీదుగా పదివేల ఇళ్ళ కాలనీ బీడీ కార్మిక స్త్రీల పరమైనది. ఆ సంఘానికి గోదూతాయి పరులేకర్ పేరు పెట్టుకున్నారు. ఈ పేరును మీరు గుర్తుంచుకోవాలి. గోదావరి పరులేకర్ 1907లో పుణేలో పుట్టిన చదువుకున్న మహిళ. 1945లో ఠాణే జిల్లా వార్లీ ఆదివాసుల వెట్టిచాకిరి వ్యతిరేక పోరాటానికి నాయకత్వం వహించినది. ఆ అనుభవాలపై ఆమె వ్రాసిన మరాఠీ గ్రంథానికి సాహిత్య అకాడమీ పురస్కారం లభించినది. 1996లో కన్నుమూసినది. తరువాత వచ్చిన మరొక కాలనీకి సోలాపురం మహిళా నాయకురాలు మీనాక్షి సానే పేరు పెట్టారు. కాలనీకి మంత్రుల పేర్లు పెట్టే ఆచారం బలంగా ఉన్న దేశంలో ఇది మాకు ముచ్చట గొలిపినది.

మూడవ మెట్టు రే నగర్. ఇది ఇంకా పెద్దది, ముప్పైవేల ఇళ్ళు. ఇందులో బీడీ కార్మికులేకాక చేనేత, పవర్‌లూమ్ కార్మికులు, వీధివ్యాపారులు, చెత్త ఏరుకొనేవారు, డ్రైవర్లు కూడ సభ్యులు. అసంఘటిత కార్మికులందరినీ చేర్చుకొనడం వల్ల హిందువు, ముస్లిం, తెలుగు, మరాఠీ, కన్నడం అనే గోడలు సభ్యత్వ పుస్తకంలో కనిపించవు. ఆడం మాస్టర్ వెంట నడిచిన జట్టును చూచినా ఇదే తెలుస్తుంది. నళిని కల్బుర్గి, యూసుఫ్ శేఖ్ మేజర్, ఎం.హెచ్. శేఖ్ వంటివారు ఏళ్ళ తరబడి సంఘం పనిని మోసినవారు. సభలలో వేదిక మీద ఒకరి పేరే మ్రోగినా, రసీదులు, జాబితాలు, సర్వేలు, కచేరీల చుట్టూ తిరుగుళ్ళు ఇటువంటివారి భుజాల మీదనే నడిచాయి. మీరు మీ కార్యవర్గాన్ని ఎన్నుకొనేటప్పుడు మైకు ముందు బాగా మాట్లాడే ఒక్కరిని చూచి తృప్తిపడవద్దు. రాత్రి తొమ్మిదికి కూడ ఖాతాపుస్తకం ముందు కూర్చునేవారు ఎవరో చూడండి.

రే నగర్‌కు 2019 జనవరి 9న ప్రధాని నరేంద్ర మోదీ శంకుస్థాపన చేశారు. 2024 జనవరి 19న అందులో పదిహేనువేల ఇళ్ళను ఆయనే లబ్ధిదారులకు అప్పగించారు. అంచనా వ్యయం సుమారు 1,811 కోట్లు. అందులో కేంద్ర, రాష్ట్ర ప్రభుత్వాల సహాయం 750 కోట్లు, అనగా ఇంటికి రెండున్నర లక్షలు. ప్రభుత్వ సహాయాన్ని మినహాయిస్తే సగటున ఇంటికి మూడున్నర లక్షల రూపాయలు సమకూర్చుకోవలసి ఉంటుంది. ఇల్లు దానంగా వచ్చినదని ఎవరైనా అంటే ఈ అంకెలు చూపండి.

ఇక్కడ ఒక చిక్కు సంగతిని దాచకుండా చెప్పాలి. 2019 శంకుస్థాపన సభలో ఆడం మాస్టర్ ప్రధానిని ప్రశంసించారని ఆయన సొంత పార్టీ, అనగా సి.పి.ఎం., ఆయనను మూడు నెలలపాటు కేంద్ర కమిటీ నుండి సస్పెండు చేసినది. పార్టీ తప్పా, ఆయన తప్పా అని తీర్పు చెప్పడానికి మేము ఇక్కడికి రాలేదు. కాని ఈ సంఘటన ఒక నిజాన్ని చూపుతున్నది. ముప్పైవేల కుటుంబాల ఇళ్ళ కోసం నిలబడిన నాయకుడు తనకు నచ్చని ప్రభుత్వం ముందు కూడ ఫైలు పట్టుకొని నిలబడక తప్పదు. వాజపేయి ప్రభుత్వమైనా, మన్మోహన్ సింగ్ ప్రభుత్వమైనా, మోదీ ప్రభుత్వమైనా, మంజూరు కాగితం మీద సంతకం పెట్టేది అధికారంలో ఉన్నవారే. ఆ సంతకం కోసం వెళ్ళినవాని మీద రెండు వైపుల నుండి రాళ్ళు పడతాయి. అది భరించలేనివారు గృహ సంఘ నాయకత్వానికి రావద్దు.

మాకు మరొక సందేహం కూడ లేకపోలేదు. ఇంత పెద్ద పని ఒక వ్యక్తి పేరు చుట్టూ అల్లుకొనడం బలమే, బలహీనత కూడ. ఆయన తరువాత ఎవరు అన్న ప్రశ్నకు ప్రతి సంఘమూ బ్రతికున్నప్పుడే జవాబు వ్రాసిపెట్టుకోవాలి. ఇంకొకటి, దూరం. ఊరి బయట చౌకగా దొరికే భూమిలోనే వేలాది ఇళ్ళు కట్టగలము. కాని పనికి పోవడానికి బస్సు, పిల్లలకు బడి, కుళాయిలో నీరు, ఇవి ఇల్లు కట్టిన తరువాత ఆలోచించే సంగతులు కావు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో 1920 దశకంలో కార్మిక పక్షపు నగరపాలక సంస్థ కార్ల్ మార్క్స్ హోఫ్ అనే 1,382 ఇళ్ళ భవన సముదాయాన్ని కట్టినప్పుడు, చాకిరేవు శాలలు, స్నానశాలలు, శిశుశాలలు, గ్రంథాలయం కూడ కలిపి కట్టినది. నూరేళ్ళు కావస్తున్నా అందులో జనం నివసిస్తున్నారు.

ఇప్పుడు మన సంగతికి వద్దాము. సోలాపురం స్త్రీలకు లేని సౌకర్యాలు మనకున్నవి: నెల జీతం, గృహ నిర్మాణ అడ్వాన్సు. వారికి లభించిన రాయితీ మాత్రం మనకు అందదు. ఊళ్గరై ప్రాంతంలో భూమి ధర ఎట్లున్నదో మీకే బాగా తెలుసు. కనుక ఇక్కడ మోసానికి అవకాశం భూమి కొనుగోలులోనే ఉన్నది. మాకు ఆప్తుడైన ఒక తపాలా ఉద్యోగి, ఒక సంఘం మాట నమ్మి, గ్రాట్యుటీ సొమ్ములో పెద్ద భాగం చెల్లించాడు. స్థలం చూపారు, రాళ్ళు పాతారు. కాని అక్కడికి దారి లేదు. నాలుగు వైపులా పరాయి పొలాలు. ఆ దారి కోసం ఆయన పన్నెండేళ్ళు తిరిగి, అద్దె ఇంటిలోనే పోయాడు. ఆయన భార్య ఇప్పటికీ ఆ పటాన్ని పెట్టెలో దాచుకొని ఉన్నది. నాయకులు దొంగలని ఆమె ఏనాడూ అనలేదు, ఎవరూ పత్రాలు చదవలేదు అని మాత్రం అంటుంది. ఆ మాట మమ్ములను ఎక్కువ బాధించినది, ఎందుకంటే ఆ సర్వసభ్య సమావేశాలలో చేతులెత్తినవారిలో మావారు కూడ ఉన్నారు.

అందువల్ల మీ కమిటీ సభ్యులు వేదిక మీదికి వచ్చినప్పుడు వారి యూనియన్ పదవులను గురించి అడగవద్దు. భూమి మూలపత్రాలు ఎవరు చదివారు, ఏ న్యాయవాది చేత పరీక్ష చేయించారు, దారి ఎక్కడ, పట్టణ ప్రణాళికా శాఖ అనుమతి ఏ దశలో ఉన్నది అని అడగండి. సొమ్ము ఎవరి పేరిట ఏ బ్యాంకులో ఉంటుంది, ఎందరి సంతకాలు కావాలి, మధ్యలో విరమించుకొన్న సభ్యునికి ఎన్నాళ్ళలో తిరిగి చెల్లిస్తారు అని అడగండి. అడిగినవానిని చూచి ముఖం చిట్లించే కార్యదర్శిని ఎన్నుకోవద్దు. రైల్వేలో గార్డు సరేననిదే డ్రైవరు బండి కదపడు. అది డ్రైవరుకు అవమానమని ఎవరూ అనుకోరు.

స్త్రీలను గురించి కూడ ఒక మాట. సోలాపురంలో 2006లో అప్పగించిన పదివేల ఇళ్ళు స్త్రీల కష్టార్జితం మీద లేచినవి. మీ తాత్కాలిక కమిటీలో ఏడుగురున్నారు, ఏడుగురూ పురుషులే. తపాలా శాఖలో పనిచేస్తున్న సోదరీమణులు ఈ వెనుక వరుసలలోనే ఎందరో కూర్చుని ఉన్నారు. నెల ఖర్చులో నుండి వాయిదా సొమ్ము తీసి పక్కన పెట్టేది ఎవరో అందరికీ తెలిసినదే. ఎన్నిక జరగడానికి ముందే ఈ లోపాన్ని సవరించుకోవలసిందిగా మేము కమిటీని కోరగా, అధ్యక్షులు అంగీకరించారు.

సభ్యత్వ రుసుము ఈ రోజే వసూలు చేద్దామని కొందరు ఉత్సాహపడినారు. మేము వద్దన్నాము. వచ్చే సమావేశానికి భూమి పత్రాల నకళ్ళు తమిళంలోను, తెలుగులో సారాంశంతోను సిద్ధం చేస్తామని కమిటీ మాట ఇచ్చినది. పాత ఫ్రెంచి కాలపు దస్తావేజులు చదవగల ఒక విశ్రాంత ఉద్యోగి ఈ సభలోనే ఉన్నారని ఇప్పుడే తెలిసినది. ఆయన ముందుకు వచ్చి తన పేరు కమిటీ వద్ద నమోదు చేయించవలసిందిగా కోరుతున్నాము.