సూదితో పని తీరలేదు

ఇవాళ పట్టా పుచ్చుకుంటున్న డాక్టర్లకూ, వెనక వరుసల్లో కళ్లు తుడుచుకుంటున్న అమ్మానాన్నలకూ నమస్కారం.

నేను ప్రసూతి విభాగంలో చేరిన రోజుల్లో కడుపులో బిడ్డ క్రోమోజోములు చూడాలంటే సూదే గతి. పదిహేను వారాలు దాటాక తల్లి పొట్టలోకి సూది దించి ఉమ్మనీరు తీసేవాళ్లం. నూటికి ఒక గర్భం పోవచ్చని ముందే చెప్పేవాళ్లం. చెయ్యి తిరిగినవాళ్లు చేస్తే ముప్పు అంతకన్నా చాలా తక్కువని తర్వాత తేలిందనుకోండి. కానీ ఆ మాట విని లేచి వెళ్లిపోయినవాళ్లు ఎందరో.

1997లో డెనిస్ లో అనే శాస్త్రవేత్త బృందం తల్లి ప్లాస్మాలో బిడ్డ డీఎన్‌ఏ ఉందని చూపించింది. మగబిడ్డను మోస్తున్న తల్లుల్లో వై క్రోమోజోము ముక్కలు దొరికాయి. ఆడవాళ్ల ఒంట్లో వై ఉండదు కదా! అంతకుముందు వెతుకులాటంతా రక్తకణాల్లోనే. ప్లాస్మా పారబోసే సరుకు. 2011కల్లా అదే ఎన్‌ఐపీటీ అనే రక్తపరీక్షగా ఆసుపత్రులకు చేరింది. పదో వారంలో కాస్త రక్తం తీస్తే చాలు. చాలా దేశాల్లో ఉమ్మనీటి పరీక్షలు బాగా తగ్గిపోయాయి.

అయితే ఆ డీఎన్‌ఏ ఎక్కువగా మాయ నుంచి వచ్చేది. మాయలో ఉన్న తేడా బిడ్డలో ఉండాలని లేదు. పైగా చిన్న లెక్క చూడండి. వెయ్యి మంది గర్భిణుల్లో ఒకరి బిడ్డకు డౌన్ సిండ్రోమ్ ఉందనుకుందాం. పరీక్ష ఆమెను పట్టుకుని, పొరపాటున ఇంకొకరినీ పట్టుకుందనుకుందాం. పాజిటివ్ వచ్చిన ఇద్దరిలో ఒకరి బిడ్డకు ఆ జబ్బే లేదు! ఎవరికి లేదో తేల్చాల్సింది మళ్లీ సూదే. తలసీమియా భయమున్న ఇళ్లకూ అదే దిక్కు. సూదులు తగ్గేకొద్దీ నేర్చుకునే చేతులకు పని దొరకడం లేదు. నన్ను కలవరపెట్టేది ఇదే.

అన్నట్టు, ఆ రక్తంలో ఆడా మగా కూడా తెలుస్తుంది. మన 1994 చట్టం ప్రకారం చెప్పడం నేరం. స్వీట్ల డబ్బాతో వచ్చి అడుగుతారు. డబ్బా కూడా తీసుకోకండి.

ఒకసారి ఒకమ్మాయి పాజిటివ్ వచ్చిన ఎన్‌ఐపీటీ రిపోర్టు నాలుగు మడతలు పెట్టి తెచ్చింది. "మేడమ్, తీయించేసుకోమన్నారు" అంది. ఎవరన్నారంటే, రిపోర్టు చూసిన బంధువులు. గంటసేపు కూర్చోబెట్టి, ఇందాక చెప్పిన లెక్కే కాగితం మీద వేసి చూపించాను. ఉమ్మనీరు తీశాం. ఫలితానికి రెండు వారాలు పట్టింది. రోజూ సాయంత్రం ఫోన్ చేసేది. చెప్పడానికి నా దగ్గర కొత్త మాటేమీ ఉండేది కాదు. అయినా ఫోన్ ఎత్తేదాన్ని.